జార్ జార్ లేని సినిమా

2008 వేసవిలో నేనొక సినిమాని బాగుచేశాను. ఇంజనీరింగ్ రెండో ఏడాది పరీక్షలు అయిపోయాయి, ఇంటికెళ్లే రైలుకి ఇంకా వారం ఉంది, హాస్టల్ సగం ఖాళీ. ల్యాన్‌లో ఎవరో పెట్టిన ‘స్టార్ వార్స్: ది ఫాంటమ్ మెనేస్’ దొరికింది. దాన్ని విండోస్ మూవీ మేకర్‌లో తెరిచి, జార్ జార్ బింక్స్ కనిపించిన ప్రతిచోటా కత్తిరించుకుంటూ పోయాను. పొడుగు చెవులేసుకుని, వచ్చీరాని ఇంగ్లిషు మాట్లాడుతూ, అడుగుకోసారి తూలిపడే ఆ జీవి అంటే అప్పట్లో నాకు ఒళ్లుమంట.

మూడు రాత్రులు పట్టింది. నాలుగోరోజు రూమ్మేట్‌కి చూపించాను. వాడు అంతకుముందు స్టార్ వార్స్ చూసినవాడు కాదు. చివరిదాకా ఓపిగ్గా కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: “మామా, ఈ చెవుల సైన్యం ఎక్కణ్ణుంచి ఊడిపడిందిరా?”

అసలు సినిమాలో ఆ సైన్యం ఊడిపడదు. తన గ్రహాన్ని శత్రువు ఆక్రమిస్తే రాణి రాజధానికి వచ్చి సెనేట్‌లో మొరపెట్టుకుంటుంది. ఎవరూ పట్టించుకోరు. దిక్కుతోచని ఆ సమయంలో, మా గంగన్లకి పెద్ద సైన్యం ఉందని చెప్పేది జార్ జారే. ఆ మాట మీదే రాణి వెనక్కి వెళ్తుంది, తమవాళ్లు తరతరాలుగా చిన్నచూపు చూసిన గంగన్ల ముందు మోకరిల్లి సాయం అడుగుతుంది. చెత్త అనుకుని నేను తీసి పారేసిన ముక్క కథకి ఇరుసు. కోడ్‌లో వాడుకలో లేదనుకుని ఒక ఫంక్షన్‌ని డిలీట్ చేస్తే ఇంకెక్కడో ఏదో కూలుతుంది చూడండి, సరిగ్గా అదే.

ఈ పని నాకంటే ముందు, నాకంటే బాగా చేసినవాళ్ల సంగతి తర్వాత తెలిసింది.

‘ఫాంటమ్ మెనేస్’ 1999 మే 19న అమెరికాలో విడుదలైంది. అంతకుముందు స్టార్ వార్స్ సినిమా వచ్చి పదహారేళ్లు. 1983లో పదేళ్ల పిల్లలు 1999కల్లా ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లయ్యారు. టికెట్ల కోసం హాళ్ల ముందు రోజుల తరబడి గుడారాలు వేసుకుని కూర్చున్నారు. తీరా చూస్తే తెరమీద పన్నుల గొడవ, సెనేట్ చర్చలు, పేడలో కాలేసే హాస్యం. ‘ఫోర్స్’ అనే ఆ అంతుచిక్కని శక్తిని మిడీక్లోరియన్లనే సూక్ష్మజీవుల లెక్కగా మార్చి, రక్తపరీక్షలో తేల్చేశారు. భక్తుడికి దేవుడి బ్లడ్ రిపోర్ట్ చేతిలో పెట్టినట్టు.

తీసినవాళ్లకి లోపం తెలియదా అంటే, తెలుసు. 2001లో వచ్చిన డీవీడీలో ‘ది బిగినింగ్’ అనే డాక్యుమెంటరీ ఉంది. అందులో జార్జ్ లూకస్ మొదటి రఫ్ కట్ చూసి బయటికొచ్చే ఘట్టం ఒకటుంటుంది. గదిలో అందరి మొహాలూ వాడిపోయి ఉంటాయి. కొన్నిచోట్ల మరీ దూరం వెళ్లానేమో అని లూకస్ తనే ఒప్పుకుంటాడు. ఎడిటర్లలో ఒకడైన బెన్ బర్ట్ చెప్పే సమస్య ఇంకా సూటిగా ఉంటుంది: ఒకటిన్నర నిమిషంలోనే చావు, సాహసం, హాస్యం ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేస్తున్నాయని. పతాక ఘట్టంలో నాలుగు యుద్ధాలు ఒకేసారి నడుస్తాయి. గడ్డిమైదానంలో గంగన్లు, కోటలో రాణి, కత్తులతో జెడైలు, ఆకాశంలో పిల్లాడు అనకిన్. గురువు చనిపోతుంటే పక్క షాట్‌లో జార్ జార్ తూలుతుంటాడు. ఒకటి తీద్దామంటే మిగతా మూడూ దానికి ముడిపడి ఉన్నాయి. హాస్టల్ గదిలో నేను తలకొట్టుకున్న గోడ దగ్గరే, నా కంటే పదేళ్ల ముందు వాళ్లూ నిలబడ్డారు. ఈ డాక్యుమెంటరీ నాకు సినిమాకంటే ఇష్టం.

ఆ గోడకి మొదటి కన్నం వేసింది కాలిఫోర్నియాకి చెందిన మైక్ జె. నికోల్స్ అనే ఎడిటర్. వీడియో క్యాసెట్ వచ్చాక, ఇంట్లో మ్యాక్ మీద ఫైనల్ కట్ ప్రోలో కూర్చుని దాదాపు ఇరవై నిమిషాలు కోసేశాడు. పేరు చెప్పుకోలేదు, ‘ఫాంటమ్ ఎడిటర్’ అని మాత్రం వేసుకున్నాడు. ‘ది ఫాంటమ్ ఎడిట్’ 2001కల్లా చేతులు మారుతూ దేశమంతా తిరిగింది. చేసింది దర్శకుడు కెవిన్ స్మిత్ అని పుకారు పుడితే, తను కాదని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. లూకస్‌ఫిల్మ్ మొదట్లో తేలిగ్గానే తీసుకుంది. కాపీలు అమ్ముడవుతున్నాయని తెలిశాక కాపీరైట్ మాట ఎత్తింది. నికోల్స్ బయటికొచ్చి, ఇంత దూరం వెళ్తుందనుకోలేదని క్షమాపణ చెప్పాడు.

నికోల్స్ పనితనం ఎక్కడుందంటే, అతను జార్ జార్‌ని తీసెయ్యలేదు. తూలిపడటాలు, నాలుక విన్యాసాలు తగ్గించాడు, కథ చెప్పే మాటలు ఉంచాడు. అనకిన్ నోట చిన్నపిల్లాడి కేకలు కత్తిరించాడు. అసలు సినిమాలో శత్రునౌకని ఆ పిల్లాడు పొరపాటున పేల్చినట్టుంటే, ఇక్కడ కాస్త తెలిసే పేల్చినట్టుంటుంది. అరసెకను కోతతో పాత్ర స్వభావం మారిపోయింది. సెనేట్, సూక్ష్మజీవుల వివరణలు పలచబడ్డాయి. కొత్తగా ఒక్క షాట్ కూడా తియ్యలేదు.

నేనెందుకు చెయ్యలేకపోయానో ఇప్పుడు తెలుసు. నా కాపీలో మాటలు, సంగీతం, చప్పుళ్లు అన్నీ కలిపేసిన ఒకే సౌండ్‌ట్రాక్ ఉండేది. మాట కోస్తే జాన్ విలియమ్స్ సంగీతం కూడా తెగి, గతుకుల రోడ్డు మీద బస్సులా ఎగిరేది. తర్వాతి రోజుల్లో ఫ్యాన్ ఎడిటర్లు డీవీడీలోని 5.1 సౌండ్‌ని వాడుకున్నారు. అందులో మాటలు ఎక్కువగా మధ్య చానెల్‌లో ఉంటాయి కాబట్టి దాన్ని తగ్గిస్తే పక్క చానెళ్లలో సంగీతం సాగిపోతుంది. చిన్న కిటుకే, కానీ ఈ కళంతా ఇలాంటి కిటుకుల మీదే నిలబడింది.

అసలు స్టార్ వార్సే ఎడిటింగ్ గదిలో పుట్టిన సినిమా. 1977 నాటి మొదటి సినిమాకి జాన్ జింప్సన్ కూర్చిన తొలి కట్ లూకస్‌కి నచ్చలేదు. ఎడిటర్‌ని మార్చారు. పాల్ హిర్ష్, మార్షా లూకస్, రిచర్డ్ చూ కలిసి మళ్లీ కూర్చారు. హీరో ల్యూక్ తన స్నేహితుడితో ముచ్చటించే తొలి సన్నివేశాలు ఎగిరిపోయాయి, రెండు రోబోల వెంట నడిచి మనం ల్యూక్ ఇంటికి చేరతాం. ముగ్గురికీ ఆస్కార్ వచ్చింది. 1977లో ఆయనకి కాదు, మళ్లీ చేద్దాం అని చెప్పగలిగినవాళ్లు చుట్టూ ఉన్నారు. 1999 నాటికి ఆయన సొంత డబ్బుతో, సొంత కంపెనీలో తీస్తున్నాడు. కాదు అనే ఆ మాట ప్రేక్షకుల గదుల్లోంచి ఆలస్యంగా వచ్చిందని నాకనిపిస్తుంది.

కత్తెర తర్వాత కలం వచ్చింది. 2009 డిసెంబర్‌లో రెడ్ లెటర్ మీడియాకి చెందిన మైక్ స్టోక్లాసా, ప్లింకెట్ అనే ముసలి పాత్ర గొంతుతో డెబ్భై నిమిషాల సమీక్ష పెట్టాడు. అందులో ఒక పరీక్ష ఉంది: పాత్ర ఎలా ఉంటుందో, ఏం వేసుకుంటుందో, ఏం పని చేస్తుందో చెప్పకుండా దాన్ని వర్ణించండి. పాత సినిమాలోని హాన్ సోలో గురించి అందరూ గడగడా చెప్తారు. కొత్త సినిమాలోని క్వై-గాన్ దగ్గరికొచ్చేసరికి నీళ్లు నములుతారు. అసలు ఈ కథకి కథానాయకుడు ఎవరు అన్నది అతని రెండో ప్రశ్న. (ఆ ముసలి పాత్ర ఆడవాళ్లని నేలమాళిగలో బంధించే హంతకుడు, అదే హాస్యం. అప్పుడు నేనూ నవ్వాను.)

జవాబు 2012లో మైకేల్ బ్యారైట్ అనే యూట్యూబర్ ఇచ్చాడు. ఒబీ-వాన్‌నే మొదటినుంచీ కథానాయకుణ్ణి చెయ్యండి. అనకిన్ వయసు పెంచండి, ఇద్దరి స్నేహం తర్వాతి పతనానికి పునాది కావాలి కదా. విలన్ డార్త్ మాల్‌ని మొదటి సినిమాలోనే చంపెయ్యకండి. జార్ జార్ వద్దు. విన్నప్పుడు కథ గడియారంలా తిరుగుతుంది. ఇంత సులువా అనిపిస్తుంది. సులువే మరి, ఎదుట ఒక పూర్తయిన తప్పు పెట్టుకుని దాన్ని దిద్దుతున్నాం కాబట్టి. తెల్లకాగితం ముందు కూర్చున్నవాడికి ఆ వసతి లేదు. పది లైన్ల ప్యాచ్ రాసి, లక్ష లైన్లు రాసినవాణ్ణి వెధవ అనుకునే జబ్బు మా వృత్తిలో చాలామందికుంది. నాకూ ఉంది.

మా వృత్తివాడే రాడ్ హిల్టన్ 2011లో ఇంకో దారి పట్టాడు. ఒక్క ఫ్రేమ్ కూడా ముట్టుకోకుండా చూసే వరుసని మార్చాడు: 4, 5, తర్వాత 2, 3, చివరికి 6. ఐదో భాగంలో తండ్రి రహస్యం బయటపడగానే రెండు సినిమాల ఫ్లాష్‌బ్యాక్. మొదటి భాగం అక్కర్లేదు, అది లేకపోయినా ఏదీ విరగదు. దీన్నే మషెటీ వరుస అంటారు. నేను చూసిన సవరణలన్నిట్లో అతి తెలివైనది ఇదే. సినిమా యథాతథంగా ఉంది, అర్థం మారింది.

అయితే స్టార్ వార్స్‌ని తిరగరాసినవాళ్లలో అందరికంటే మొండివాడు లూకసే. 1997లో తన మూడు పాత సినిమాలనీ స్పెషల్ ఎడిషన్ల పేరుతో మార్చాడు. మొదటి సినిమాలో హాన్ సోలో ముందుగా కాల్చేవాడు, కొత్తదాంట్లో అవతలివాడు ముందు కాల్చి గురి తప్పుతాడు. దొంగలాంటి హీరో ఒక్క షాట్‌తో బుద్ధిమంతుడైపోయాడు. విచిత్రమేమిటంటే, 1988లో ఇదే లూకస్ అమెరికన్ కాంగ్రెస్ ముందుకెళ్లి, పాత నలుపు-తెలుపు సినిమాలకి రంగులద్దడం లాంటి మార్పులకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. ఆయన దృష్టిలో మార్చే హక్కు సృష్టికర్తది, హక్కులు కొనుక్కున్నవాడిది కాదు. తర్కం కుదురుతుంది. కానీ 2010లో రంగుల ‘మాయాబజార్’ చూడ్డానికి ఇంటిల్లిపాదీ వెళ్లినప్పుడు నాకొక సందేహం వచ్చింది. మా తాతయ్యకి జ్ఞాపకమున్న సినిమా ఎవరిది? రామాయణాన్ని కల్పవృక్షమనీ విషవృక్షమనీ తిరగరాసుకున్న భాషలో ఈ ప్రశ్న మరీ కొత్తదేం కాదు. కాకపోతే మనవాళ్లెవరూ పాత ప్రతిని అటకమీద దాచి తాళం వెయ్యలేదు.

అక్కడ తాళం పడింది. 1977లో హాళ్లలో ఆడిన రూపం దశాబ్దాలపాటు మంచి ప్రింటులో దొరకలేదు. 2006 డీవీడీలో అదనపు సరుకుగా, పాత లేజర్‌డిస్క్ మాస్టర్ నుంచి తీసిన మసక బొమ్మ ఇచ్చారు. చెక్ దేశానికి చెందిన పెట్ర్ హర్మాచెక్ అనే అభిమాని రకరకాల మూలాల నుంచి షాట్లు ఏరి, 1997 తర్వాత చేరినవన్నీ ఒక్కొక్కటీ గీకేసి ‘డీస్పెషలైజ్డ్’ ప్రతి తయారుచేశాడు. అందరూ మారుస్తుంటే ఇతను వెనక్కి మార్చాడు.

ఇక్కడిదాకా చెప్పింది నాకు గర్వంగా చెప్పుకోబుద్ధేసే చరిత్ర. మిగిలింది కూడా చెప్పాలి.

జార్ జార్ కంప్యూటర్ బొమ్మే, కానీ ఆ బొమ్మ వెనక మనిషున్నాడు. అహ్మద్ బెస్ట్, ‘స్టాంప్’ అనే ప్రదర్శన బృందంలో డాన్సర్. సినిమా అంతటా కనిపించే ముఖ్యపాత్రని పూర్తిగా కంప్యూటర్‌లో సృష్టించడం అప్పటికి దాదాపు కొత్త. బెస్ట్ కదలికలూ గొంతే దానికి ఆధారం. జార్ జార్ కరీబియన్ నల్లవాళ్లకి వెక్కిరింత అని విమర్శకులు రాశారు. బెస్ట్ నల్లజాతివాడు, ఆ దెబ్బ రెండువైపులా తగిలింది. 2018 జులైలో అతను కొడుకుతో బ్రూక్లిన్ బ్రిడ్జి మీద నిలబడ్డ ఫోటో పెట్టి, ఇరవైయేళ్ల కిందట ఆ దూషణలు భరించలేక తన జీవితం దాదాపు ఇక్కడే ముగిసేదని రాశాడు.

నేనది ఆఫీసు క్యాబ్‌లో చదివాను. 2008లో ‘వీణ్ణెవడు తీసుకున్నాడ్రా’ అని ఒకచోట ఇంగ్లిషులో పెద్ద పోస్ట్ పెట్టిన గుర్తుంది నాకు. పాత్రనే తిట్టానని ఇన్నాళ్లూ అనుకున్నాను. అప్పట్లో రాసిన మాటలు గుర్తుచేసుకుంటే, తిట్టింది మనిషినే.

అదే ఏడాది జనవరిలో ‘ది లాస్ట్ జెడై’కి ఒక ఫ్యాన్ ఎడిట్ వచ్చింది. 152 నిమిషాల సినిమా 46 నిమిషాలైంది. చేసిందెవరో తెలియదు. సూత్రం మాత్రం పేరులోనే ఉంది: ఆడతనం తీసేసిన ప్రతి. ఆడవాళ్లు నిర్ణయాలు తీసుకునే చోట్లు, మగవాళ్లకి ఆజ్ఞలిచ్చే చోట్లు వీలైనంత కోసేశారు. జూన్‌కల్లా రోజ్ పాత్ర వేసిన కెల్లీ మేరీ ట్రాన్, నెలల తరబడి జాతిని, రూపాన్ని తిట్టిపోస్తుంటే ఇన్‌స్టాగ్రామ్‌లో తన పోస్టులన్నీ తీసేసింది. నికోల్స్ వాడింది, ఇతను వాడింది ఒకే రకం సాఫ్ట్‌వేర్. ఆ ఎడిట్ గురించి చదివినప్పుడు నన్ను కలవరపెట్టింది దాని వెర్రితనం కాదు. కథ ఏమవుతుందన్న పట్టింపు లేకుండా, నచ్చని మనిషి కనిపించిన ప్రతిచోటా కొయ్యడం అనే పద్ధతి నాకు బాగా పరిచయం. 2008లో నేను చేసిందీ అదే.

2023లో ‘ది మాండలోరియన్’ మూడో సీజన్‌లో అహ్మద్ బెస్ట్ మళ్లీ స్టార్ వార్స్‌లో కనిపించాడు. ఈసారి బొమ్మ వెనక కాదు, సొంత మొహంతో. జెడై ఆలయం మీద దాడి జరుగుతుంటే, రెండు చేతుల్లో రెండు కత్తులతో గ్రోగు అనే పసివాణ్ణి కాపాడి తీసుకెళ్లే జెడైగా. ఆ ముక్క రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

తర్వాత పాత హార్డ్ డిస్క్ వెతికాను. ‘ఎపిసోడ్ 1 ఫైనల్ ఫైనల్ 2’ ఇంకా ఉంది, తెరుచుకుంది కూడా. రాణి రాజధానిలో కిటికీ దగ్గర నిలబడి ఆలోచిస్తోంది. సంగీతం ఒక్కసారి తెగి ఎగిరింది. మరుక్షణం ఆమె, ఎవరూ ఏమీ చెప్పకుండానే, వెనక్కి వెళ్దాం అంటోంది.