అడిగినవాళ్లూ, చెప్పినవాళ్లూ: కంప్యూటర్ చరిత్రలో ఔత్సాహికుల పాత్ర

కంప్యూటర్ చరిత్ర పేరుతో మనకు దొరికే పుస్తకాల్లో సాధారణంగా ఇద్దరు మనుషులు కనిపిస్తారు. ఒకడు యంత్రాన్ని కనిపెట్టిన మేధావి. రెండోవాడు దాన్ని అమ్మి కోట్లు గడించిన వ్యాపారి. మూడోవాడు ఆ పుటల్లో దాదాపు కనిపించడు. యంత్రాన్ని కొనుక్కొచ్చి, అది పనిచెయ్యకపోతే తనలాంటి మరొకణ్ణి అడిగి, తెలుసుకున్నది పదిమందికీ చెప్పినవాడు ఆ మూడో మనిషి. రాజుల పోషణనుబట్టి సాహిత్యచరిత్ర రాసే పద్ధతిని మన విమర్శకులు ఏనాడో ప్రశ్నించారు. యంత్రాల చరిత్రకు కూడా ఆ ప్రశ్న వెయ్యవలసి ఉంది. ఇంటి కంప్యూటర్ సామాన్యుడి చేతికి అందడం వెనుక ప్రశ్న, జవాబుల రూపంలో సాగిన సమష్టి శ్రమ ఉంది. ఆ శ్రమ ఎవరి ఆస్తి అన్న తగువు 1976లోనే మొదలైంది. తెలుగు రచయితలకు ఆ తగువుతో సంబంధం ఉందని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1973 ఆగస్టులో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, విద్యార్థులు నడిపే ఒక గ్రామఫోన్ రికార్డుల దుకాణంలో, మామూలు ప్రకటనల బోర్డు పక్కనే ఒక టెలిటైప్ యంత్రం పెట్టారు. టెలిఫోను తీగ ద్వారా అది శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక పెద్ద కంప్యూటర్‌కు అనుసంధానమై ఉండేది. దారినపోయేవారెవరైనా లోపలికి వచ్చి తమకు కావలసింది టైపు చెయ్యవచ్చు, ఇతరులు రాసింది వెతుక్కోవచ్చు. దాని పేరు కమ్యూనిటీ మెమరీ. బర్క్‌లీ వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన విద్యార్థుల ఊరు. అంతవరకూ సైన్యం, పెద్ద కంపెనీలు, విశ్వవిద్యాలయాల అధీనంలో ఉన్న యంత్రాన్ని వీధిలోకి తేవాలన్నది ఆ ప్రయత్నం చేసిన యువకుల సంకల్పం. మంచి బేగెల్ రొట్టెలు ఎక్కడ దొరుకుతాయని ఒకరు అడిగితే, కొందరు దుకాణాల పేర్లు చెప్పారనీ, ఒకరు మాత్రం వాటిని చెయ్యడమే నేర్పుతానని రాశారనీ ఆ ప్రయోగం గురించి చెప్పుకుంటారు. సరుకు ఎక్కడుందో చెప్పడానికీ విద్య నేర్పడానికీ మధ్య ఉన్న ఈ తేడా ముందుముందు మనకు పనికొస్తుంది.

1975 జనవరి నాటి పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 వచ్చింది. ధర నాలుగు వందల డాలర్ల లోపే. కానీ ఆ ధరకు వచ్చేవి విడిభాగాలు. కొన్నవాడే అతుకులు వేసుకోవాలి. కీబోర్డు లేదు, తెర లేదు. ముందువైపు మీటలు, ఎర్రదీపాలు మాత్రం ఉంటాయి. జ్ఞాపకశక్తి 256 బైట్లు. ఈ వ్యాసంలోని ఒక్క పేరా కూడా అందులో పట్టదు. దాన్ని ఏంచేసుకోవాలో కొన్నవాళ్లకు తెలియదు, అమ్మినవాళ్లూ పూర్తిగా చెప్పలేదు. ఆ లోటులోంచే సంఘం పుట్టింది. 1975 మార్చి 5న మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో సుమారు ముప్పైమంది కలిశారు. హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ అలా మొదలైంది. వారిని పిలిచినవాళ్లలో ఒకడైన ఫ్రెడ్ మూర్ ఇంజనీరు కాడు. విశ్వవిద్యాలయంలో నిర్బంధ సైనికశిక్షణకు వ్యతిరేకంగా 1959లో నిరాహారదీక్ష చేసిన శాంతివాది.

క్లబ్ సభల పద్ధతి గమనించదగ్గది. సభ నడిపిన లీ ఫెల్సెన్‌స్టీన్ కమ్యూనిటీ మెమరీ నుంచి వచ్చినవాడే. ముందు ఒక్కొక్కరూ లేచి తమ దగ్గర ఏముందో, తమకు ఏం కావాలో చెప్పేవారు. తరవాత సభ విడివడి, ఎవరికి కావలసినవాళ్లను వాళ్లు వెతుక్కునేవారు. స్టీవ్ డాంపియర్ అనే సభ్యుడు, ఆల్టెయిర్ పనిచేస్తున్నప్పుడు పక్కనున్న రేడియోలో గరగర వస్తోందని కనిపెట్టి, ఆ గరగరను అదుపుచేసి సభలో పాట వినిపించాడు. దాన్ని ఎలా చేశాడో అందరూ అడిగారు. అతను పత్రికలో రాశాడు. స్టీవ్ వోజ్నియాక్ తన యంత్రం నమూనాచిత్రాలను అడిగినవాళ్లకల్లా పంచాడు. ఆ యంత్రమే ఆ తరవాత మొదటి ఆపిల్ కంప్యూటర్ అయింది.

1976 ఫిబ్రవరి 3 తేదీతో బిల్ గేట్స్ ఔత్సాహికులకు ఒక బహిరంగలేఖ రాశాడు. ఆల్టెయిర్ కోసం తానూ సహచరులూ తయారుచేసిన బేసిక్ అనే భాషను కాగితపు టేపుల మీద నకళ్లు తీసి పంచుకుంటున్నారని, ఆల్టెయిర్ ఉన్నవాళ్లలో పదోవంతు కూడా దాన్ని కొనలేదని, ఇది దొంగతనమని, ఇలాగైతే మంచి సాఫ్ట్‌వేర్ ఎవరు రాస్తారని ఆ లేఖ సారాంశం.

ఈ లేఖను తేలిగ్గా తోసిపుచ్చడం సరికాదు. రాసినవాడి శ్రమకు విలువ ఉండాలన్నది మన సంఘాలు కూడా కోరే న్యాయమే. ప్రతిఫలం ముట్టని రచయితలు మనలో ఎందరో ఉన్నారు. అయితే ఇందులో ఒక వైరుధ్యం ఉంది. ఆ బేసిక్ తొలిరూపం తయారైంది హార్వర్డ్ విశ్వవిద్యాలయపు యంత్రం మీద. దానికి నిధులు ఇచ్చింది అమెరికా రక్షణశాఖ. అంటే ప్రజాధనం. ఇక బేసిక్ భాష గేట్స్ సృష్టి కాదు. విద్యార్థులందరికీ కంప్యూటర్ అందాలని కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు ఆచార్యులు 1964లో డార్ట్‌మత్ కళాశాలలో రూపొందించినది. ఉమ్మడి పొలంలో పండిన పంటకు ఒకరి పేరున పట్టా పుట్టింది.

ఔత్సాహికులు ఇచ్చిన జవాబు తిట్లతో ఆగలేదు. పీపుల్స్ కంప్యూటర్ కంపెనీ అనే బృందం టైనీ బేసిక్ అన్న చిన్న భాషకు ప్రణాళిక ప్రకటించి, పాఠకులనే రాయమంది. వాళ్లు రాసినవాటిని అచ్చువెయ్యడానికి 1976లో డాక్టర్ డాబ్స్ జర్నల్ మొదలైంది. టామ్ పిట్‌మన్ అనే ఇంజనీరు తన టైనీ బేసిక్‌ను 5 డాలర్లకు అమ్మితే కొనేవాళ్లు దొరికారు. చర్చ అసలు ఉచితమా, ఖరీదా అని కాదు. విద్య దాచిపెట్టాలా, పదిమంది దిద్దుకునేలా పంచాలా అని.

అలాగని ఈ ఔత్సాహికులను ప్రజావీరులుగా చిత్రించడం చరిత్ర కాదు. వారిలో ఎక్కువమంది జీతాలున్న మగ ఇంజనీర్లు. వారు చేతులు మార్చుకున్న చిప్పులను సిలికాన్ లోయ కర్మాగారాల్లోనూ, మలేసియాలోని పెనాంగ్ వంటిచోట్లా అమర్చినవాళ్లు ఎక్కువగా స్త్రీ కార్మికులు. ఆ సభల్లో వారికి కుర్చీ లేదు. అంతేకాదు, క్లబ్బు సభ్యుల్లోంచే ఇరవైకి పైగా కంపెనీలు పుట్టాయి. కంపెనీ పెట్టినవాడికి నిన్నటి జవాబు నేడు వ్యాపారరహస్యం అయింది. ఫ్రెడ్ మూర్ కొద్దికాలానికే తప్పుకున్నాడు.

అయినా అడగడం, చెప్పడం ఆగలేదు. 1978 జనవరిలో షికాగోను మంచుతుఫాను ముంచెత్తినప్పుడు, ఇంట్లో చిక్కుకున్న వార్డ్ క్రిస్టెన్‌సెన్, తన క్లబ్బు మిత్రుడు రాండీ సూస్‌తో కలిసి టెలిఫోను మీద నడిచే ప్రకటనల బోర్డు తలపెట్టాడు. ఫిబ్రవరి 16న అది తెరుచుకుంది. ఒకేసారి ఒక్కరే ఫోను చెయ్యగలరు. ఒకరు ప్రశ్న రాసి పెట్టేస్తే, మరొకరు రాత్రి వచ్చి జవాబు రాసేవారు. 1980లో డ్యూక్, నార్త్ కరొలినా విశ్వవిద్యాలయాల మధ్య యూజ్‌నెట్ మొదలై, ఊళ్లనూ దేశాలనూ కలిపింది. ఒకే ప్రశ్న పదేపదే వస్తుంటే, జవాబులన్నీ గుదిగుచ్చి కొత్తవాళ్లకు ఇచ్చే ఆచారం అక్కడ బలపడింది. ఏ ఒక్కరి సొంతమూ కాని, వచ్చినవారల్లా దిద్దుతూపోయే ఈ రచనారూపాన్ని మన సాహిత్య విద్యార్థులు ఇంకా పట్టించుకోలేదు.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు 1990ల తొలినాళ్లలో ఆ యూజ్‌నెట్‌లోనే తమకొక చర్చావేదిక ఏర్పరచుకున్నారు. అక్కడ తెలుగు లిపి రాదు, రోమన్ అక్షరాలే గతి. ఒకరు రాసిన 'త' మరొకరికి 'ట'గా వినిపించేది. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దీనికొక పద్ధతి కట్టారు. రోమన్ 'టి' చిన్నది కొడితే త, పెద్దది కొడితే ట. 'ఎల్' చిన్నది ల, పెద్దది ళ. ఆ పద్ధతి మీదే 2006లో వీవెన్ 'లేఖిని' తయారుచేసి అందరికీ అందుబాటులో పెట్టాడు. తెలుగు పత్రికలు ఒక్కొక్కటి ఒక్కో ఫాంటు వాడి, ఒకరి రాత మరొకరి యంత్రంలో గీతలుగా మారుతున్న కాలంలో, వెన్న నాగార్జున 'పద్మ' అనే ఉపకరణంతో వాటిని యూనికోడ్‌లోకి మార్చే దారి చూపాడు. పద్యపాఠం టైపు చేస్తూ అరసున్న, బండి ఱ ఎక్కడున్నాయో తెలియక నేను అడిగినప్పుడు, ముక్కూమొహం తెలియని ఒకాయన ఓపికగా మెట్టుమెట్టుగా రాసి పంపాడు. మీటల గుర్తులు చెప్పి ఊరుకోలేదు, అవి అక్కడెందుకున్నాయో కూడా చెప్పాడు. ఇప్పుడు మా బడిలో పిల్లలకు నేను చెప్పేది ఆయన పాఠమే.

2024 ఫిబ్రవరిలో రెడిట్ సంస్థ తన సభ్యులు ఏళ్లతరబడి రాసిన ప్రశ్నలూ జవాబులూ వాడుకునేందుకు గూగుల్‌తో ఒప్పందం చేసుకుంది. కృత్రిమ మేధకు అవి ముడిసరుకు. 1976లో పంచుకోవడం దొంగతనమన్న పరిశ్రమే, పంచుకున్నవాళ్ల రాతలను 2024లో సరుకుగా కొన్నది. రెండుసార్లూ లెక్కలోకి రానిది చెప్పినవాడి శ్రమే.

కనుక మన పని స్పష్టం. తెలుగు లిపిని కంప్యూటర్లోకి తెచ్చిన జవాబులు ఎన్నో పాత యంత్రాల్లో, మూతపడిన చోట్లలో చెదిరిపోతున్నాయి. గ్రంథాలయోద్యమం ఊరూరా తాళపత్రాలనూ పత్రికలనూ పోగుచేసిన దేశం మనది. రచయితల సంఘాలు, తెలుగు శాఖల విద్యార్థులు ఈ జవాబులను కూడా సేకరించాలి, రాసినవారు ఒప్పుకుంటే వారి పేర్లతో, అందరూ వాడుకునే షరతు మీద ప్రచురించాలి. ఆధునిక తెలుగు వచన చరిత్రలో వాటికొక అధ్యాయం కేటాయించడం ఆ తరవాతి పని.