కొలిచిందెవరు, దేనితో?

1808లో తంజావూరు. బృహదీశ్వరాలయ విమానం మీదికి అరటన్ను బరువున్న యంత్రాన్ని తాళ్లు కట్టి లాగుతున్నారు. చుట్టూ మైళ్ల కొద్దీ వరిపొలాలు, కొబ్బరితోటలు. చూద్దామంటే ఒక గుట్ట లేదు. ఎత్తున నిలబడి దూరపు గుర్తులు చూడాలంటే గుడి విమానమే దిక్కు. మధ్యలో తాడు తెగింది. యంత్రం వెళ్లి రాతిగోడకు కొట్టుకుంది.

అది లండన్‌లో విలియం కేరీ చేసిన గ్రేట్ థియొడొలైట్. కోణాలు చదివే దాని చక్రం అడ్డకొలత మూడడుగులు. ఇండియాకు వస్తున్న దారిలో ఫ్రెంచి యుద్ధనౌక దాన్ని పట్టుకుని మారిషస్‌కు తీసుకుపోయింది. శాస్త్ర పరికరమని తెలిశాక అక్కడి గవర్నరు మర్యాదగా మద్రాసు పంపించాడు. అంత గండం గడిచి వచ్చిన యంత్రం తంజావూరులో దెబ్బతింది. చక్రం వంకర పోయింది. దానితో దక్షిణాదిని కొలుస్తున్న సర్వే అధికారి విలియం లాంబ్టన్ ఎవరినీ రానివ్వకుండా డేరాలో కూర్చున్నాడు. పలక మీద అసలు కొలతకు వృత్తం గీసి, చీలలు, మరలు, కప్పీలు పెట్టి, వంగిన చక్రాన్ని వెంట్రుకవాసి చొప్పున లాగుతూ ఆరువారాల పాటు సరిచేశాడు.

యంత్రం మళ్లీ పనిచేసింది. కానీ ఆ రోజు నుంచి దాంతో చదివిన ప్రతి కోణం పక్కనా ఒక ప్రశ్న నిలబడింది. ఇది తాడు తెగకముందు చదివిందా, తర్వాత చదివిందా? పటం చూసేవాడికి ఆ తేడా కనబడదు. ఫీల్డుబుక్కు చూసేవాడికి కనబడుతుంది. సర్వే చరిత్రలో నన్ను ఎక్కువగా పట్టి నిలిపేది ఈ సంగతే. పాయింటుకు వచ్చే అంకె దానంతట అది పుట్టదు. ఎక్కడ నిలబడ్డారు, ఏ పరికరం పెట్టారు, ఎంత చదివారు అనే మూడింటి నుంచి పుడుతుంది. ఇవాళ సర్వే సాఫ్ట్‌వేర్లలో పాయింట్లు, పరికరాలు, కొలతలు అని విడివిడిగా పట్టికలు కనిపిస్తాయి. వాటిని కొత్త ఆలోచన అనుకోనక్కర్లేదు. లాంబ్టన్ పుస్తకాల్లో ఆ మూడూ ఉన్నాయి.

ఆయన గొలుసు సంగతే చూడండి. 1802 ఏప్రిల్‌లో మద్రాసు పరంగికొండ దగ్గర ఏడున్నర మైళ్ల ఆధారరేఖ కొలవడం మొదలుపెట్టాడు. గొలుసు నూరడుగుల ఉక్కుది, రెండున్నర అడుగుల చొప్పున నలభై కడ్డీలు. చైనా చక్రవర్తికి కానుకగా పోయి, ఆయన వద్దంటే కలకత్తా చేరిన సరుకు అది. ఎండకు ఉక్కు సాగుతుంది కాబట్టి గొలుసును చెక్కపెట్టెల్లో పరిచి, పక్కన థర్మామీటర్లు పెట్టి, పరిచిన ప్రతిసారీ వేడి ఎంతో రాయించాడు. మరో గొలుసును వాడకుండా దాచి ఉంచాడు. రోజూ నేల మీద ఈడ్చే గొలుసు ఎంత సాగిందో దాంతో సరిచూడటానికి. పరికరాన్ని కూడా కొలవాలి, ఆ కొలతనూ రాసిపెట్టాలి అన్న నియమం ఈ దేశపు సర్వేలో అక్కడే పాదుకుంది.

ఆధారరేఖ పొడవు తెలిశాక, దాని కొసల నుంచి కోణాలు చదివి మిగతా దూరాలను త్రికోణాలుగా లెక్కకడుతూ పోయారు. ఆ త్రికోణాల వరస ఉత్తరానికి సాగి మన నేల మీదికి వచ్చింది. 1811లో గుత్తి దగ్గర ఒక ఆధారరేఖ, 1815లో బీదర్ దగ్గర దామరగిద్ద వద్ద మరొకటి కొలిచారు. 1818 చివర హైదరాబాదుకు ఒక కొత్త సహాయకుడు వచ్చాడు. పేరు జార్జి ఎవరెస్టు. మరుసటేడు కృష్ణా గోదావరుల మధ్య సర్వే ఆయనకు అప్పగించారు. వానాకాలంలో ఎల్లాపురం అడవుల్లో జ్వరం పట్టుకుంది. ఖలాసీలు, జెండాలు పట్టేవాళ్లు వరసగా పడిపోయారు. ఎవరెస్టును కూడా మోసుకొచ్చారు. కోలుకోవడానికి 1820లో ఆఫ్రికా దక్షిణపు కొసకు, కేప్‌కు పంపారు.

అక్కడ ఆయన ఊరికే కూర్చోలేదు. అప్పటికి దాదాపు డెబ్బై ఏళ్ల కింద లకాయ్ అనే ఫ్రెంచి ఖగోళవేత్త అదే కేప్‌లో భూమి వంపును కొలిచాడు. ఆ లెక్క ప్రకారం భూమి ఆకారం తక్కిన దేశాల కొలతలతో పొసగలేదు. ఎవరెస్టు లకాయ్ నిలబడిన చోట్లు వెతుక్కుంటూ తిరిగాడు, ఆయన రాతలు చదివాడు. కొలతలో తప్పు లేదని, దగ్గరున్న పర్వతాల బరువుకు తూకపు గుండు పక్కకు లాగబడి ఉంటుందని వాదించాడు. లకాయ్ చివరి జవాబు ఒక్కటే రాసిపెట్టి పోయి ఉంటే ఇది తేలేది కాదు. ఎక్కడెక్కడ నిలబడ్డాడో, ఏ చోట ఏం చదివాడో రాశాడు కాబట్టి డెబ్బై ఏళ్ల తర్వాత ముక్కూమొహం తెలియని మనిషి ఆ లెక్కను మళ్లీ విప్పగలిగాడు.

1823 జనవరిలో హింగన్‌ఘాట్‌లో లాంబ్టన్ పోయాడు. పని చేతికొచ్చిన ఎవరెస్టు ఎవరి కొలతనూ మొహమాటానికి నమ్మలేదు, తన కొలతను కూడా. సిరోంజ్ దగ్గర 1824లో తానే గొలుసుతో కొలిచిన రేఖను, కొత్తగా వచ్చిన కోల్బీ కడ్డీలతో 1837లో తిరిగి కొలిపించాడు. ఇత్తడి, ఇనుము కడ్డీలను జతచేసి ఎండవేడికి పొడుగు మారకుండా కట్టిన పరికరం అది. దాంతో పాత కొలతకు దాదాపు మూడడుగుల తేడా తేలింది. గొలుసు మీద ఆధారపడ్డవన్నీ సరిదిద్దుకోవలసి వచ్చింది. బీదర్ రేఖనూ 1841లో సహాయకుడు ఆండ్రూ వా చేత కడ్డీలతో మళ్లీ కొలిపించారు. సిరోంజ్ నుంచి వందల మైళ్లు త్రికోణాల మీదుగా లెక్కకట్టి తెచ్చిన పొడవుకూ, నేల మీద కొలిచిన పొడవుకూ తేడా నాలుగు అంగుళాల పైచిలుకు మాత్రమే వచ్చింది. ఈ పరికరాలను మనదేశంలో కాచిన చేతుల్లో ఆర్కాటు మనిషి సయ్యద్ మీర్ మొహ్సిన్ హుస్సేన్‌వి ముఖ్యమైనవి. పరికరాల పని చూసే ఇంగ్లీషు నిపుణుడు బారో వెళ్లిపోయాక ఆ కొలువు ఆయనకే దక్కింది. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఉండదు. ఉండాలి.

ఇదంతా శిఖరాల మీద సాగిన పని. రైతు ఎరిగిన సర్వే వేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో రైత్వారీ సర్వే తెచ్చిన గుంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, లింకులు నూరు. పది చదరపు గొలుసులు ఎకరం. ఆంధ్ర ప్రాంతంలో ఇప్పటికీ వాడే సెంటు అంటే వెయ్యి చదరపు లింకులు. నిజాం ఇలాకాలో గొలుసు 33 అడుగులది, దానికి పదహారు అణాలు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉంటే గుంట. పొలం కొలతలు, స్కెచ్ ఉండే కాగితాన్ని అక్కడ టిప్పన్ అంటారు, ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) అంటారు.

పాత ఎఫ్‌ఎంబీ పేజీని ఒకసారి నిదానంగా చూడండి. పొలాన్ని మూలనుంచి మూలకు కోసే గీత ఒకటి ఉంటుంది, దాన్ని జీ లైన్ అంటారు. పక్కనే నిచ్చెనలాంటి అంకెల వరస. దాన్ని కిందినుంచి పైకి చదవాలి. మధ్యలో ఉన్న అంకె గీత వెంట గొలుసు ఎంత నడిచిందో చెబుతుంది. ఎడమన, కుడిన ఉన్న అంకెలు అక్కడినుంచి క్రాస్‌స్టాఫ్ పట్టి లంబంగా గట్టుకు ఎంత దూరమో చెబుతాయి. ఆ నిచ్చెన చేతిలో ఉంటే, వరదకు గట్లన్నీ కొట్టుకుపోయినా రెండు హద్దురాళ్లు మిగిలితే చాలు, ఓపికున్న సర్వేయరు పొలం మొత్తాన్ని తిరిగి నిలబెడతాడు. బొమ్మ చెరిగినా అంకెలు బతికి ఉంటాయి. ఈ స్కెచ్‌లను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ చేసిన కొల్లాబ్‌ల్యాండ్ సాఫ్ట్‌వేర్‌లో నాకు నచ్చింది ఇదే. ముడతలు పడి కుంచించుకుపోయిన కాగితం మీద బొమ్మను దిద్దుకోకుండా, నిచ్చెనలోని అంకెలను కొట్టించుకుని బొమ్మను అదే గీస్తుంది.

కంప్యూటర్లు సర్వేలోకి వచ్చింది 1960 ప్రాంతంలో. అమెరికాలో ఎంఐటీలో చార్లెస్ మిల్లర్ కోగో అనే భాషను తయారుచేశాడు. ఇంజినీరు పాయింట్లకు నంబర్లు ఇచ్చి, దిశ, దూరం చెబితే మిగతా లెక్క యంత్రం చూసుకునేది. అప్పటికే దూరాన్ని కాంతితో, రేడియో తరంగాలతో కొలిచే పరికరాలు వచ్చాయి. తర్వాత కోణం, దూరం రెండూ చదివి తనలో దాచుకునే టోటల్ స్టేషన్ వచ్చింది. సౌకర్యం పెరిగింది. దాంతోపాటు ఒక చెడ్డ అలవాటు కూడా వచ్చింది. జవాబు తెరమీద కనబడితే చాలు, లెక్కకు మూలమైన రీడింగు ఉన్నా లేకున్నా ఫర్వాలేదనుకోవడం.

ఉదాహరణకు ఉదయం టోటల్ స్టేషన్ నిలబెట్టి, అవతల కాంతిని తిప్పికొట్టే ప్రిజం ఎత్తు 1.30 మీటర్లు ఉంటే 1.80 అని కొట్టారనుకోండి. ఆ పూట తీసిన పాయింట్లన్నీ అర మీటరు లోతుకు దిగిపోతాయి. కాలువ వాలు లెక్కలో అర మీటరు అంటే నీళ్లు వెనక్కి పారడమే. ఫైల్లో పాయింటు నంబరు, తూర్పు, ఉత్తరం, ఎత్తు మాత్రమే ఉంటే, ఆ తప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పట్టుకోవడం కష్టం. మళ్లీ పొలానికి పోవలసిందే. అదే సాఫ్ట్‌వేర్ కోణాన్ని, ఏటవాలు దూరాన్ని, పరికరం ఎత్తును, ప్రిజం ఎత్తును విడిగా దాచితే, ఆ ఒక్క అంకె మారిస్తే దాని కింద ఉన్నవన్నీ సర్దుకుంటాయి. ఒక్కో ప్రిజానికి దూరంలో చేయాల్సిన దిద్దుబాటు, అంటే ప్రిజం స్థిరాంకం, సంగతీ అంతే. మైనస్ 30 మిల్లీమీటర్లు పెట్టాల్సిన చోట సున్నా ఉంచితే ప్రతి దూరమూ మూడు సెంటీమీటర్లు తప్పుతుంది. ఏ పరికరంతో, ఏ ప్రిజంతో తీశారో రాసి ఉంటే దిద్దుబాటు నిమిషాల పని. పాత సర్వేయర్లు ఫీల్డుబుక్కులో తప్పును రబ్బరుతో చెరపనిచ్చేవారు కాదు. ఒక అడ్డగీత కొట్టి పక్కన సరైనది రాయాలి. సాఫ్ట్‌వేర్‌లోనూ పాత రీడింగు మీద కొత్తది కప్పకుండా రెండూ తేదీలతో ఉండాలి.

ఇప్పుడు ఈ పట్టింపు ఎందుకంటే, 2020 డిసెంబరులో జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలై ఆంధ్రప్రదేశ్‌లో వేల ఊళ్లలో రీసర్వే జరిగింది. డ్రోన్లు ఎగిరాయి, నిరంతరం పనిచేసే బేస్ స్టేషన్ల సాయంతో, ఉపగ్రహ సంకేతాలు అందుకునే రోవర్లు గట్లమీద తిరిగాయి. రోవర్ ఇచ్చే అక్షాంశ రేఖాంశాలు భూమి ఆకారానికి ప్రపంచమంతా వాడే కొత్త గోళాకృతి లెక్క మీదివి. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు ఎవరెస్టు పేరుతో ఉన్న 1830 నాటి గోళాకృతి మీదివి. హైదరాబాదు ప్రాంతంలో ఈ రెండింటికీ తేడా వంద మీటర్లు దాటుతుంది. ఏ అంకె దేని మీదిదో రాయకుండా కలిపితే ఒకరి బావి మరొకరి పొలంలో తేలుతుంది. ఎకరంలో రెండు సెంట్లు తగ్గిందని రైతు తహసీల్దారు ఆఫీసుకు వస్తే, పాత గొలుసు సాగిందా, కొత్త రోవర్ చెట్టు నీడలో తడబడిందా, మధ్యలో గట్టే జరిగిందా అన్నది తేల్చగలిగేది మూలపు రీడింగులే.

అందుకే రైతుకు కొత్త పటంతో పాటు అడిగితే ఇంకో కాగితం ఇచ్చే ఏర్పాటు ఉండాలి. తన పొలం ఒక్కో మూల ఏ తేదీన, ఏ బేస్ స్టేషన్ నుంచి, ఏ నంబరు రోవర్‌తో తీశారు, ఎన్నిసార్లు తీశారు, ఒక్కోసారి ఎంత తేడా వచ్చింది, ఆ వేళ గట్టు అవతలి రైతు అక్కడ ఉన్నాడా లేడా అనే వివరాలన్నీ అందులో ఉండాలి. జిల్లా సర్వే కార్యాలయంలో ఆ ఫైళ్లను పటాలతో సమానంగా భద్రపరచాలి. కాంట్రాక్టు ముగిసిందని, సాఫ్ట్‌వేర్ మారిందని వాటిని పారేయకూడదు.