ఫిల్ములో గడ్డ, తలలో గడ్డ

కామాటిపుర సందుల్లోని ఇళ్ళకు, వర్లీ బి.డి.డి. చాళ్ళకు ఊళ్ళనుంచి వచ్చే చుట్టాలు రెండు రకాలు: పనికోసం వచ్చేవాళ్ళు, టాటా ఆసుపత్రి కోసం వచ్చేవాళ్ళు. ఇళ్ళు కట్టే పనికి వచ్చిన కామాటీలు పేటకు తమ పేరిచ్చారు. మిల్లుల కోసం పద్మశాలీలు వచ్చారు. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి గాని, 1941లో పరేల్‌లో తెరిచిన టాటా మెమోరియల్‌కు మనవాళ్ళ రాక ఆగలేదు.

మెదడులో గడ్డ తిరగబెట్టిన రోగి వెంట ఒక పెద్ద కవరు ఉంటుంది. అందులోని ఫిల్మును చాల్ వరండాలో వెలుతురుకు ఎత్తిపట్టి చూడని ఇరుగుపొరుగు లేరు. తెల్లమచ్చ చిన్నదైతే మందు పనిచేసినట్టు, పెద్దదైతే లేనట్టు. ఊళ్ళో ఎకరం అమ్మి ఇంకో విడత మందు ఎక్కించాలా, తిరుగు టికెట్టు కొనాలా అన్నది ఆ మచ్చను బట్టే తేలేది. ఈ నమ్మకం వెనక అర్ధశతాబ్ది చరిత్ర ఉంది.

1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ యంత్రం మొదటిసారి ఒక రోగి తలను పొరలుగా చూపింది. అంతకుముందు వెన్నులోంచి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. ఆ బాధ పగవాడికి కూడా వద్దు. 1977లో అమెరికా వైద్యుడు విక్టర్ లెవిన్, ఆయన సహచరులు, కీమోథెరపీ నడుస్తుండగా రోగికి గుణమిస్తున్నదా లేదా అని తేల్చడానికి నియమాలు రాశారు. 1990లో కెనడాలో డేవిడ్ మెక్‌డొనాల్డ్ బృందం దాన్ని అంకెల్లో పెట్టింది: మచ్చ వైశాల్యం 50 శాతం తగ్గితే గుణం, 25 శాతం పెరిగితే రోగం ముదిరినట్టు.

బ్యాంకు మనిషిని, అంకెలంటే గౌరవమే. కాని ఏ అంకె దేన్ని కొలుస్తున్నదో ముందు చూడాలి. నరంలోకి ఎక్కించిన కాంట్రాస్టు మందు, గడ్డ దగ్గర రక్తనాళాలు కారుతుంటే బయటికి ఊరి తెల్లగా కనిపిస్తుంది. ఫిల్ము చూపేది ఆ కారడాన్ని. వాపుకని ఇచ్చే స్టిరాయిడ్ కారడాన్ని తగ్గిస్తుంది. గడ్డ అంతే ఉన్నా మచ్చ చిక్కుతుంది. తిరగబెట్టిన గడ్డల సి.టి. స్కాన్లలో గ్రెగరీ కైర్న్‌క్రాస్ బృందం 1988లో ఈ సంగతి చూపింది. అందుకే 1990 నియమాల్లో స్టిరాయిడ్ మోతాదునూ, రోగి స్థితినీ లెక్కలోకి తీసుకున్నారు. మార్చి 31కి డిపాజిట్లు ఉబ్బించి చూపే శాఖలను చూసినవాడికి ఇది వింతేమీ కాదు.

బెవాసిజుమాబ్‌తో ఈ చిక్కు ముదిరింది. తిరగబెట్టిన గ్లియోబ్లాస్టోమాకు అమెరికా 2009లో దాన్ని అనుమతించింది. రక్తనాళాల మీద పనిచేసే మందు కనుక కొద్ది రోజుల్లోనే మచ్చ వెలిసిపోవచ్చు. 2017లో వెలువడిన యూరోపు అధ్యయనంలో 437 మంది రోగులు. లోముస్టిన్ ఒక్కటే వాడినవాళ్ళలో గడ్డ పెరగకుండా ఉన్న కాలం 1.5 నెలలు, దీన్ని జోడించినవాళ్ళలో 4.2 నెలలు. ఆయుష్షు మాత్రం 8.6 నెలలు, 9.1 నెలలు. చెప్పుకోదగ్గ తేడా లేదు.

తిరకాసు రెండోవైపు కూడా ఉంది. రేడియేషన్, టెమొజొలొమైడ్ కలిపి ఇచ్చాక మొదటి మూడు నెలల్లో మచ్చ పెరిగి, మందు మార్చకుండానే తగ్గడం కద్దు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి లెడర్లీ ప్రయోగశాలనుంచి వచ్చిన మెథోట్రెక్సేట్, మెదడు లింఫోమాకు నేటికీ ముఖ్యమైన మందు. అదీ, రేడియేషన్ తోడైతే మరీ, మెదడులో కొత్త మచ్చలు వదలగలదు. అవి గడ్డలు కావు, మందు చేసిన గాయాలు.

2010లో వచ్చిన ‘రానో’ నియమాలు కాంట్రాస్టు పట్టని భాగాన్నీ చూడమన్నాయి. తగ్గిన మచ్చ కనీసం నాలుగు వారాలు అలాగే నిలిస్తే గాని గుణం అనవద్దన్నాయి. చాల్‌లో నాలుగు వారాలంటే, అప్పటికే ఆరుగురున్న గదిలో రోగి, తోడు వచ్చినవాళ్ళు మరో నెల సర్దుకోవడం. కవరు తెచ్చి “తగ్గిందా అన్నా?” అని అడిగేవాళ్ళను నేను ముందు రోగి నడక ఎట్లుందో, మాట తడబడుతున్నదో, స్టిరాయిడ్ ఎంత ఇస్తున్నారో అడుగుతాను. ఫిల్ము చూడమంటే ఇదేమిటని వాళ్ళకు విసుగొస్తుంది.