ఎండతో వేడినీళ్లు: 25 డాలర్ల పెట్టె కథ

పోయిన నెల మా నాన్న లాడ్జి కరెంటు బిల్లు నా చేతిలో పెట్టి, "మేడ మీద సోలార్ పెట్టిస్తే పెట్టిన డబ్బు ఎన్నాళ్లకి తిరిగొస్తుందిరా?" అని అడిగారు. నేను నీళ్లు నమిలాను. తర్వాత చదివితే తెలిసింది, ఈ లెక్క వందేళ్ల కిందటే కాలిఫోర్నియా వాళ్లు వేశారని.

1891లో అమెరికాలోని బాల్టిమోర్‌లో క్లారెన్స్ కెంప్ అనే వ్యాపారి ఒక పేటెంటు తీసుకున్నాడు. అదేం బ్రహ్మవిద్య కాదు. నల్లరంగు ట్యాంకుల్ని ఎండలో పెట్టడం జనానికి అప్పటికే తెలుసు. కాకపోతే వేడెక్కేసరికి మధ్యాహ్నం దాటేది, పొద్దుగూకగానే చల్లారిపోయేవి. కెంప్ ఆ ట్యాంకుల్ని చెక్కపెట్టెలో పెట్టి పైన అద్దం బిగించాడు, అంతే! దాని పేరు 'క్లైమాక్స్'. (సినిమా క్లైమాక్స్ కాదండోయ్.)

కాలిఫోర్నియాలో బొగ్గు రేటు మండిపోతుండేది. ఈ పెట్టె 25 డాలర్లు, ఏడాదికి మిగిలే బొగ్గు ఖర్చు సుమారు 9 డాలర్లు. మూడేళ్లు తిరక్కుండా పెట్టుబడి చేతికొచ్చేసేది! 1897 నాటికి పాసడీనాలో దాదాపు నూటికి 30 ఇళ్లలో సూర్యుడే నీళ్లు కాచాడు.

కానీ తెల్లారి స్నానానికి మళ్లీ చన్నీళ్లే. దాన్ని 1909లో విలియం బెయిలీ సరిచేశాడు. ఎండ తగిలే గొట్టాలు కింద, వేడి పోకుండా చుట్టూ కప్పిన ట్యాంకు పైన. వేడెక్కిన నీళ్లు తేలికై వాటంతటవే పైకెళ్తాయి, మోటారు అక్కర్లేదు. కంపెనీ పేరు 'డే అండ్ నైట్'. మన మేడల మీద కనిపించేవాటికి ఇదే ముత్తాత. 1913 చలికి గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగిలిపోతే, గొట్టాల్లో వేరే ద్రవం తిప్పి, ట్యాంకు లోపలి చుట్ట ద్వారా వేడి మాత్రం నీళ్లకి అందేలా మార్చాడు.

1920ల్లో లాస్ ఏంజిల్స్ చుట్టుపక్కల సహజవాయువు దండిగా, చవగ్గా దొరికింది. మూడేళ్ల లెక్క తలకిందులైంది. బెయిలీ ఏం చేశాడో తెలుసా? గ్యాస్ హీటర్లు అమ్మడం మొదలెట్టాడు! నేనైతే తప్పుపట్టను, ఆయన వ్యాపారి.

ఇదంతా చెబితే నాన్న ఒకటే అన్నారు: "మన బోరు నీళ్లకి గొట్టాల్లో సున్నం పేరుకుంటే?" అప్పుడు బెయిలీ చుట్ట గుర్తొచ్చింది. బోరు నీళ్లు ఎండలో వేడెక్కే గొట్టాల్లోకే వెళ్లవుగా! ఈ ఆదివారం ప్లంబర్ వస్తున్నాడు, రేటు కనుక్కోవాలి.