ఆలస్యముగ బయటపడు తలదెబ్బ

హైదరాబాదునకు ఉత్తరపుటంచున, జీడిమెట్ల కర్మాగారములకు చేరువనున్న సూరారమున నేడొక వైద్యకళాశాలయు, దానికి అనుబంధముగ ఆసుపత్రియు కలవు. తలదెబ్బ తగిలినవానికి ఇంత చేరువలో వైద్యము దొరకుట నిన్నమొన్నటి మాట. రాయవేలూరున 1949లో జేకబ్ చాందీగారును, మదరాసున 1950లో బి. రామమూర్తిగారును మెదడు శస్త్రచికిత్సకు పునాదులు వేసిరి. విశాఖపట్టణమున 1956లో బాలపరమేశ్వరరావుగారు ఆ శాఖను నెలకొల్పిరి.

తలదెబ్బలలో మిక్కిలి మాయదారిది యొకటి కలదు. విరిగిన కపాలపుటెముక అంచు తగిలియో, మెదడొక్కసారి కదలుటచేతనో ధమనిగోడ చినుగును. వెలికివచ్చిన నెత్తురు చుట్టును గడ్డకట్టి బుడగవలె నిలుచును. వైద్యులు దీనిని ఎన్యూరిజమ్ అందురు. ఏండ్లతరబడి గోడ పలుచనై యేర్పడు బుడగ వేఱు. దెబ్బవలన పుట్టినదానికి పెక్కుమార్లు గోడయే యుండదు, గడ్డకట్టిన నెత్తురే గోడ! మెదడునందలి బుడగలలో ఇట్టివి నూటికి ఒకటికన్న తక్కువ. అయినను ఇవి పగులుట మెండు.

రోగి తేరుకొని యింటికి వచ్చును. రెండు మూడు వారములకు హఠాత్తుగ భరింపరాని తలనొప్పి, వాంతి, స్మృతి తప్పుట. లేదా కనురెప్ప వాలుట. కపాలపు అడుగుభాగము విరిగినవారికి ముక్కునుండి ధారగ నెత్తురు. ఇంటివారు దానిని ఎండదెబ్బ యనుకొని, మానిన గాయము మాట వైద్యునితో చెప్పనే చెప్పరు. ఆ ఒక్క మాటయే రోగనిర్ణయమునకు తాళపుచెవి.

జీవించియున్నవాని మెదడు ధమనులను ఎక్స్‌రేలో తొలుత చూపినవాడు లిస్బనునందలి ఎగాస్ మోనిజ్, అది 1927. పదేండ్లకు బాల్టిమోరున వాల్టర్ డాండీ బుడగ మెడకు వెండి బిగింపు వేసెను. దెబ్బవలని బుడగకు తఱచు మెడయే యుండదు గనుక ఆ యుపాయ మన్నిట సాగలేదు. చినిగిన ధమనినే మూసి, అవసరమైన నెత్తుటికి మఱొక దారి కల్పింపవలసి వచ్చెను. 1971లో లండనున హౌన్స్‌ఫీల్డు సి.టి. యంత్రముతో తొలి రోగిని పరీక్షించిరి. 1990లో గుగ్లియెల్మీ తొడమొదటి ధమనిగుండ సన్నని గొట్టము పంపి, ప్లాటినపు తీగచుట్టతో బుడగను నింపెను. గోడలేని బుడగలో ఆ తీగయు ప్రమాదమే. అందుచే నేటి వైద్యులు పెక్కుసారులు ధమనినే మూయుదురు, లేక లోపల జల్లెడవంటి గొట్టము నిలిపి నెత్తుటి నడకను మళ్ళింతురు. మొదటి చిత్రమున ఏమియు కనబడకున్నను, అనుమానమున్నచో కొలదిదినములకు మఱల ధమనుల చిత్రము తీయుదురు.