పొయ్యి ఒకటి, పూచీ ఎవరిది?

ఉమ్మడి వంటశాల అనగానే నిన్నమొన్నటి వ్యాపారపు ఏర్పాటు గుర్తుకొస్తుంది. పొయ్యి గంటల లెక్కన అద్దెకు దొరుకుతుంది, పక్క పొయ్యి మీద ఇంకొకరి సరుకు ఉడుకుతుంటుంది, గోడ మీద ఫుడ్ లైసెన్సు ఉంటుంది. అయితే కర్ణాటకలోని బీదర్ జిల్లా గతం తెలిసినవారికి పొయ్యి పంచుకోవడంలో కొత్తేమీ కనిపించదు. శివశరణుల అన్నదానమైన దాసోహం, సూఫీల మఠమైన ఖాన్‌కా, నానక్ ఝీరా గురుద్వారాలో అందరికీ అన్నం పెట్టే లంగరు ఆ నేల మీదివే. వాటన్నిటిలోనూ వండే చేతులు మారుతూనే ఉండేవి, జవాబు చెప్పాల్సిన పేరు మాత్రం ఒక్కటే ఉండేది. నేటి లైసెన్సు పద్ధతిలో తప్పిపోయింది ఆ ఒక్క పేరేనని నా వాదన.

పన్నెండో శతాబ్దంలో కలచురి బిజ్జలుడి కొలువులో ఉంటూ బసవేశ్వరుడు జంగములకు దాసోహం నడిపిన కల్యాణం, నేడు ఈ జిల్లాలోని బసవకల్యాణ. ఆ కథను కావ్యం చేసినవాడు మన పాల్కురికి సోమనాథుడు. రాజు సొమ్ము జంగముల పాలవుతోందని బిజ్జలుడికి ఫిర్యాదు వెళ్లడం, ఆయన లెక్క అడగడం, భండారం తెరిస్తే ధనం తరగకుండా కనిపించడం బసవపురాణంలో పేరుపడ్డ ఘట్టం. దాన్ని భక్తుల కథగానే చదవాలి, చరిత్రకు సాక్ష్యంగా నిలబెట్టకూడదు. అయినా నలుగురికి పెట్టేవాణ్ని రాజ్యం ఏమని నిలదీస్తుందో ఆ కాలం ఎలా ఊహించుకుందన్నది అందులో తెలుస్తుంది. సొమ్ము ఎవరిది, దానికి పూచీ ఎవరు అన్నవే అక్కడి ప్రశ్నలు. నీళ్లు ఏ బావివి, గిన్నెలు ఎవరు తోమారు అన్న ఊసే లేదు. మూడు శతాబ్దాల తర్వాత బహమనీల రాజధానిగా ఉన్న బీదర్‌లో, 1472 నాటి మహమూద్ గవాన్ మదరసాలో, చదువుకునేవారికి వసతితో పాటు భోజనమూ పెట్టారని చెబుతారు. అక్కడా పూచీ దాతది, ఆయన నిలిపిన సంస్థది.

ఆ రోజులే మేలని దీన్నిబట్టి తేల్చడానికి లేదు. 1470 ప్రాంతంలో బీదర్‌లో గడిపిన రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ హిందువుల తిండి పద్ధతులను చాలా శ్రద్ధగా రాసుకున్నాడు. ఒక తెగవారు మరో తెగవారితో కలిసి తినరట. ముస్లింల కంటపడకుండా కుండను దాచుకుంటారట. ప్రయాణాల్లో సైతం ఎవరి కుండ వారిదే, ఎవరి వంట వారిదేనట. పరదేశి కదా, కొన్ని పొరపాట్లు పడే ఉంటాడు. కానీ ఈ విషయంలో అతన్ని శంకించడానికి కారణం కనిపించదు, ఎందుకంటే ఉత్తర కర్ణాటక ఊళ్లలో ‘లింగాయత ఖానావళి’ అనే బోర్డులు మన కాలం దాకా ఉన్నాయి. అవి కులం పేరుతో చెలామణీ అయిన హామీ పత్రాలు. వండింది ఎవరో తెలిస్తే చాలు, ఎలా వండారని అడగనక్కర్లేదన్నది వాటి భావం. దాసోహం, లంగరు ఈ ఆచారాన్ని ధిక్కరించి పుట్టినవి, అందుకే అంత పేరు తెచ్చుకున్నాయి. ప్రభుత్వ లైసెన్సు గొప్పతనమూ ఇక్కడే ఉంది. అది వండేవారి పుట్టుకను పక్కనపెట్టి వంట జరిగే చోటును చూస్తుంది.

చోటును చూడటం ఎక్కువై మనిషి కనబడకుండా పోవడమే చిక్కు. 1954 నాటి కల్తీ నిరోధక చట్టం చూపు ముఖ్యంగా సరుకు మీదే. రెండేళ్లకు, 1956లో, హైదరాబాద్ రాష్ట్రం చీలి బీదర్ మైసూరుకూ, అదే జిల్లాలోని నారాయణఖేడ్, జహీరాబాద్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌కూ పోయినా ఆ చట్టం అందరికీ ఒకటే. దాని చోట వచ్చిన 2006 ఆహార భద్రతా చట్టం, 2011 నిబంధనలతో అమల్లోకి దిగి, లైసెన్సు వలను బాగా విస్తరించింది. ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్న చిన్నవారికి 100 రూపాయల రిజిస్ట్రేషన్, ఆపైవారికి లైసెన్సు అని ఆ నిబంధనలు విడదీశాయి. చట్టంలోని 31వ సెక్షన్ ఒకే ప్రాంతంలో పలుచోట్ల వ్యాపారం చేసేవారికి ఒకే లైసెన్సు ఇవ్వవచ్చంటుంది. అంటే యజమాని ఒకడు, చోట్లు అనేకం అన్న పరిస్థితి చట్టం రాసినవారి మనసులో ఉంది. చోటు ఒకటి, యజమానులు అనేకం అన్న తలకిందుల పరిస్థితి ఆ వాక్యంలో లేదు. పైగా లైసెన్సు దరఖాస్తుతో పాటు చోటు తన అధీనంలో ఉందని చూపే దస్తావేజో, అద్దె ఒప్పందమో పెట్టాలి. వారానికి రెండు పూటలు పొయ్యి వాడుకునే మనిషి ఏ కాగితం చూపాలి?

లంగరునూ దాసోహాన్నీ వ్యాపారంతో ముడిపెట్టడమేమిటని భక్తులు అభ్యంతరపెట్టవచ్చు. అసలు ముడిపెట్టింది చట్టమే. లాభం ఉన్నా లేకున్నా అది ఆహార వ్యాపారమేనని నిర్వచనం చెబుతోంది. మతపరమైన కూడికల్లో ఆహారం పంచేవారినీ 2011 నిబంధనలు చిన్న ఉత్పత్తిదారుల్లో చేర్చాయి. అది సబబే, కలుషితమైన నీరు ఉచితంగా పెట్టిన పప్పును వదిలిపెట్టదు కదా. ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది. పూచీ అంతా వంటశాల నడిపేవారి నెత్తిన పెడితే వండేవారు అశ్రద్ధ చేస్తారు, వండేవారి మీదే పెడితే కాలువా నీళ్ల ట్యాంకూ ఎవరికీ పట్టవు. నిజమే, అందుకే పూచీని రెండుగా విడదీసి, ఒక్కో భాగానికి ఒక్క పేరే రాయాలి. కట్టడం, నీరు, మురుగు, పురుగుల నివారణ నడిపేవారి లైసెన్సు కిందికి రావాలి. సరుకు, పాళ్లు, వండేవారి ఆరోగ్య పరీక్ష వాడుకునేవారి రిజిస్ట్రేషన్ కిందికి రావాలి. చిన్న ఆహార పరిశ్రమల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పథకం బీదర్‌కు అల్లాన్ని జిల్లా ఉత్పత్తిగా ఎంచి, ఉమ్మడి సదుపాయాలకూ సాయం ఇస్తానంది. ఒకే షెడ్డులో ఒక సంఘం అల్లం పొడీ మరో సంఘం పచ్చడీ చేసే రోజున ఈ విభజన లేకపోతే తనిఖీకి వచ్చిన అధికారికి దొరికినవారే దోషులవుతారు. ఇది చట్టానికి బొత్తిగా పరాయి ఆలోచనా కాదు. బ్రాండు ఒకరిది, తయారీ ఇంకొకరిది అయినప్పుడు ప్యాకెట్టు మీద ఇద్దరి లైసెన్సు నంబర్లూ వేయాలని 2020 లేబులింగ్ నిబంధనలు ఇప్పటికే చెబుతున్నాయి.