వెనీర్ సామానుకు రంగు వేయడం

వెనీర్ సామానుకు రంగు వేయడం అనగా పలుచని చెక్క పొర అతికించి తయారు చేసిన బల్లలు, బీరువాలు, మంచాలు మొదలైన వాటిపై చిరకాలం నిలిచే రంగు పూత వేయడం. ఈ పనిలో రంగు నాణ్యత కంటే రంగుకు ముందు చేసే పని ముఖ్యమైనది. నూనె, మైనం, మెరుగు పూర్తిగా పోనిచోట రంగు పట్టు దొరకక పెచ్చులుగా ఊడిపోతుంది.

వెనీర్ స్వభావం

టేకు వంటి విలువైన కలప దుంగను పలుచగా కోసి గాని, తిప్పుతూ చెక్కి గాని తీసిన పొరను వెనీర్ అంటారు. దీనిని ప్లైవుడ్ లేదా చౌక చెక్కపై జిగురుతో అతికిస్తారు. ప్రాచీన ఈజిప్టు వడ్రంగులకు కూడా ఈ పద్ధతి తెలుసు. ఇప్పటి వెనీర్ మందం తరచుగా అర మిల్లీమీటరు మాత్రమే ఉంటుంది. కనుక ఎక్కువగా రుద్దితే పొర అరిగి అడుగు చెక్క బయటపడుతుంది. సన్‌మైకా వంటి లామినేట్ రేకు కలప కాదు. అది వెనీర్ కంటే వేరు.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల వాతావరణం

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో కర్నూలు జిల్లా నుంచి కొత్త ఒంగోలు జిల్లాలో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. నల్లమల కొండల అంచున ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పొడి వేడికి కలప కుదించుకుపోతుంది, వానల తేమకు ఉబ్బుతుంది. ఈ మార్పు పై పొరలోను, అడుగు చెక్కలోను ఒకే విధంగా ఉండదు. అందువలన జిగురు వదలి అంచులు లేస్తాయి. మార్కాపురం పలకల రాయికి పొరలుగా విడిపోవడమే గుణం. వెనీర్‌కు అదే పెద్ద లోపం.

ఎండలో, వేడి గాలిలో వేసిన రంగు త్వరగా ఆరి కుంచె గీతలు మిగులుతాయి, దుమ్ము అంటుకుంటుంది. వానరోజుల్లో లక్క పూత తెల్లబారవచ్చు. కనుక డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు గల చల్లని, పొడి రోజులు అనుకూలం. వేసవిలో తప్పనిసరి అయితే నీడలో, ఉదయం పూట వేయాలి.

పని విధానం

* మరమ్మత్తు: లేచిన అంచుల కింద తెల్ల జిగురు పెట్టి, బరువుతో రాత్రంతా అదిమి ఉంచాలి. బుడగ ఉంటే చెక్క చార వెంట కోసి జిగురు ఎక్కించాలి. ఊడిన చోట్ల లప్పం పెట్టాలి.
* శుభ్రపరచడం: టర్పెంటైన్‌తో మైనం, జిడ్డు తుడవాలి. ఎక్కువ నీరు వాడితే జిగురు మెత్తబడుతుంది.
* రుద్దడం: 180 లేదా 220 నంబరు ఉప్పుకాగితంతో చార వెంట, చేతితో, మెరుపు పోయేవరకు మాత్రమే రుద్దాలి. మూలలు, అంచులు ముందుగా అరుగుతాయి.
* ప్రైమర్: టేకులోని సహజ నూనెలు రంగు పట్టును తగ్గిస్తాయి. కలపలోని టానిన్ నీటి రంగుల గుండా పైకి వచ్చి గోధుమరంగు మరకలు వేస్తుంది. స్పిరిట్‌లో కరిగించిన, మైనం తీసిన లక్క ప్రైమర్ ఈ మరకలను ఆపుతుంది.
* రంగు: ఒక మందపు పూత కంటే రెండు, మూడు పలుచని పూతలు మేలు. మందపు పూత పైన ఆరినా లోపల మెత్తగా ఉంటుంది. ప్రతి పూత పూర్తిగా ఆరాక 320 నంబరు కాగితంతో తేలికగా రుద్దాలి. కనబడని వెనుకవైపును, కోసిన అంచులను కూడా పూస్తే తేమ అన్ని వైపులా సమానంగా ఉంటుంది.

చేతికి అంటనంత మాత్రాన రంగు గట్టిపడినట్లు కాదు. పూర్తి గట్టిదనానికి రెండు నుండి నాలుగు వారాలు పట్టవచ్చు. అప్పటివరకు బరువైన వస్తువులు పెట్టరాదు.

పాత రంగులో సీసం

భారతదేశంలో ఇళ్ళకు వాడే రంగులలో సీసాన్ని మిలియన్‌కు 90 భాగాలకు పరిమితం చేసే 2016 నాటి నిబంధనలు 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన రంగులలో సీసం ఉండవచ్చు. దానిని పొడిగా రుద్దితే లేచే ధూళి పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. పాత రంగు గట్టిగా ఉంటే దానిని గీకకుండా శుభ్రపరచి ప్రైమర్ వేయడం మంచిది. తీయక తప్పనప్పుడు పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచి, ధూళిని ఆపే మాస్కు ధరించి పని చేయాలి. రాలిన ధూళిని ఊడ్వకుండా తడిగుడ్డతో ఎత్తివేయాలి.